పత్తి చేలో నూనెబుడ్డిగాడు

మా అమ్మకి ఒక పిట్ట మీద ఉన్న నమ్మకం పోస్టుమాన్ మీద ఉండేది కాదు. పోస్టుమాన్ తెచ్చేది పాత కబురని ఆవిడ వాదన. మంచు కొండల్లో అన్నయ్య ఉత్తరం రాసి డబ్బాలో వేస్తే, అది ఏయే బండ్లెక్కి ఏయే ఊళ్ళు తిరిగి మా ఊరు చేరేసరికి అందులో మాటలన్నీ చల్లారిపోయేవి. "రాసిన రోజుకి బాగానే ఉన్నాడు. ఇవాళ ఎట్టా ఉన్నాడో ఇందులో ఉందా?" అని ఉత్తరాన్ని తిప్పి వెనకవైపు చూసేది, అక్కడ ఇంకేమన్నా దొరుకుతుందేమో అన్నట్టు. చదివి వినిపించేది నేను కాబట్టి ఆ విసుగులో నాకూ వాటా దక్కేది.

ఇది ఎనభైల్లో మాట. మాది ప్రత్తిపాడుకి దగ్గర్లోని పల్లె, నల్లరేగడి నేల. మేము క్రైస్తవులం. నాన్న చిన్నప్పట్నుంచీ మోతుబరుల చేలల్లో కూలికి వెళ్ళిన మనిషి. ఆ మధ్యే కొంత పొలం కౌలుకి తీసుకుని, తలకి తుండు చుట్టుకునే తీరు కూడా మార్చేసి, రైతునయ్యానని మురిసిపోతున్నాడు. అన్నయ్య మిలటరీలో చేరి ఎక్కడో పైన కాపలా కాస్తున్నాడు. నేను హైస్కూలుకి వెళుతున్నాను. అమ్మకి మా అందరి గురించీ దిగులు పడటమే పని, ఆ దిగులులో ముప్పావు వంతు అన్నయ్యకే పోయేది.

మా ఊళ్ళో పిట్టలు రెండు రకాలు, ఉండేవీ వచ్చిపోయేవీ. కాకులు, పిచ్చుకలు, గోరింకలు ఉండేవి. వాటిని ఎవరూ పట్టించుకోరు, ఇంట్లో మనుషుల్లాగే. వచ్చిపోయేవి వానలు వెనకపట్టాక వచ్చేవి. దసరా సెలవుల్లో ముందుగా తోకాడించే తెల్లపిట్టలు దిగేవి. తడి ఆరని చాళ్ళల్లో అరక వెనకాలే నడుస్తూ పురుగులు ఏరుకునేవి. తరవాత పిల్లిగద్దలు, చేల మీద మనిషి ఎత్తున రెక్కలు చాపుకుని తేలుతూ వచ్చేవి. జొన్న కంకి పాలు పోసుకునే వేళకి జొన్నపిట్టలు గుంపులు గుంపులుగా వచ్చి పడేవి, నల్లటి తల, గులాబిరంగు ఒళ్ళు. మంచె మీద నిలబడి రాయి పెట్టిన ఒడిసెల తిప్పుతూ కేకలేసే ఆడకూలీల గొంతులకి అప్పుడు తీరిక ఉండేది కాదు. ఆ గొంతుల్లో మా అమ్మది పేరున్న గొంతు. ఆవిడ ఒక కేక వేస్తే పక్క చేలో పిట్టలు కూడా లేచేవని నాన్న ఎగతాళి. తీరా మిరపకాయలు కల్లాల్లో ఎండి, మట్టల ఆదివారం దగ్గరపడేసరికి ఒక్కో రకమే పలచబడుతూ ఈస్టరుకల్లా అన్నీ మాయమయ్యేవి. ఎక్కడికి పోతాయో మాలో ఎవరూ అడగలేదు.

ఈ వచ్చేవాటిలో ఒకటి మాత్రం ఒంటరిది. పిచ్చుక కన్నా కాస్త పొడుగు. తల, మెడ, రొమ్ము మసి పూసినట్టు నలుపు, కడుపూ తోకా కాలిన ఇటుక రంగు. కూర్చున్నచోట ఊరికే ఉండదు, తల దించి లేపి తోకని గడగడ వణికిస్తుంది. దాన్ని నాన్న నూనెబుడ్డిగాడు అనేవాడు. మసిబట్టిన బుడ్డి, దాని కొసన రెపరెపలాడే వత్తి, అందుకే ఆ పేరని ఆయన చెప్పిన అర్థం. నిజమో కాదో తెలియదు కానీ ఇంతకంటే మంచి అర్థం నేను ఎక్కడా వినలేదు. అది ఏటా వచ్చి మా దొడ్లో మొండిగోడనే పట్టేది. ఇంకో నూనెబుడ్డిగాడు అటు వస్తే తరిమిందాకా ఊరుకునేది కాదు. గోడ మీంచి నేలకి దూకి, చీమనో పురుగునో ముక్కున కరుచుకుని మళ్ళీ గోడెక్కేది. "కౌలు కట్టకుండా ఎంత దర్జాగా ఉన్నాడో చూడు" అనేవాడు నాన్న.

అన్నయ్య మొదటిసారి సెలవు మీద వచ్చింది క్రిస్మస్‌కి. వచ్చిన మర్నాడు పొద్దున దొడ్లో పళ్ళు తోముకుంటూ గోడ వైపు చూసి, నోట్లో నురగతోనే కేకేశాడు.

"అమ్మా! వీడేంటి ఇక్కడున్నాడు?"

"ఎవడ్రా?" అంటూ అమ్మ చీపురు తిరగేసి పరుగెత్తుకొచ్చింది, దొంగేమో అనుకుని.

"ఈ పిట్టమ్మా. మా దగ్గరుండే పిట్ట ఇది. ఎండాకాలమంతా మా క్యాంపు చుట్టూ ఇయ్యే."

ఆ పూట చద్దన్నం ముందు పెట్టుకుని అన్నయ్య చెప్పిన సంగతులు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. వాళ్ళ క్యాంపు ఉన్నచోట చెట్టన్నది ఉండదట. రెండు కొండల నడుమ పచ్చిక బీడు, దాని మధ్యగా మంచు కరిగి పారే సన్నటి వాగు. చలికాలమంతా ఆ బీడు మంచు కింద పడి ఉంటుంది. అప్పుడు అక్కడ కనపడే రెక్కలన్నీ పసుప్పచ్చ ముక్కు కాకులవీ, బూడిదరంగు పావురాలవీనూ. అవి కూడా వంటశాల బయట పారేసే మెతుకుల కోసమే. ఎండలు ముదిరి, వాగు ఒడ్డున అరచెయ్యంత మేర మంచు కరిగి నల్లటి మట్టి బయటపడగానే తోకాడించే పిట్టలు ఎక్కణ్ణుంచో ఊడిపడతాయి. వాటి వెనక భరతపిట్టలు. అవి నిట్టనిలువునా ఆకాశంలోకి ఎక్కిపోతూ పాడుతుంటే, కాపలా ఉన్నవాడికి మెడ నొప్పి పుట్టిందాకా చూడబుద్ధేస్తుందట. గడ్డి లేచి పూలు పూశాక, గొర్రెల కాపర్లు మందలతో ఎక్కి వచ్చే వేళకి నూనెబుడ్డిగాళ్ళు వస్తాయి. రాళ్ళగుట్టల సందుల్లో గొర్రెబొచ్చు పరుచుకుని గూళ్ళు పెడతాయి. కొన్నాళ్ళు ఆ బీడంతా పిట్టపిల్లల అరుపులే. మళ్ళీ తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరడం మొదలవగానే రకం తరవాత రకం ఖాళీ. ఇవాళ చూస్తే భరతపిట్టలు లేవు, ఇంకో వారానికి తోకాడించేవి లేవు.

"ఆఖరికి మళ్ళీ కాకులూ మేమూ మిగుల్తాం" అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

నాకు అప్పుడొకటి తట్టింది. మా చేలు పిట్టలతో నిండే నెలలే అన్నయ్యకి పిట్టల్లేని నెలలు. మాకు చలి ఎక్కువైతే దుప్పటి ఇంకొకటి కప్పుకుంటాం. అక్కడ రెక్కలున్నవన్నీ పారిపోయిన చోట రెక్కల్లేని మా అన్నయ్య నిలబడి ఉంటాడు. అమ్మ ముఖం చూస్తే ఆవిడకీ అదే తట్టిందని తెలిసింది.

"ఇది మీ క్యాంపు పిట్టేనంటావా?" అని అడిగింది అమ్మ.

అన్నయ్యకి ఆటపట్టించడం అలవాటు. "మరేంటి! నా టెంటు పక్కన రాళ్ళల్లోనే దీని గూడు. రోజూ నా చేతి చపాతీ ముక్క తినేది. బయల్దేరేప్పుడు మన అడ్రసు నేనే చెప్పి పంపించా" అన్నాడు. నాన్న పొలమారిందాకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆ వేళాకోళం ఆవిడ గుండెలోకి వెళ్ళి బైబిలు వాక్యంలా కూర్చుంది.

మరుసటి ఏడు దసరా సెలవులు రాగానే అమ్మ ఏ పని చేస్తున్నా ఒక కన్ను గోడ మీదే. కార్తీకం వచ్చింది. ఓ పొద్దున పేడకళ్ళు తీస్తూ ఉన్నట్టుండి చేతులెత్తి "స్తోత్రం! వచ్చాడయ్యా, వచ్చాడు!" అని అరిచింది. అన్నయ్యే వచ్చాడనుకుని నేను పుస్తకం పారేసి వీధిలోకి పరుగెత్తాను. చూస్తే గోడ మీద తోక వణికించుకుంటూ నూనెబుడ్డిగాడు. పిట్ట వచ్చిందంటే అక్కడ కొడుకు క్షేమంగా ఉన్నట్టని అమ్మ లెక్క. కాదంటే దాన్ని ఎవరు సాగనంపుతారు? ఆ రోజు మా ఇంట్లో మొదటిసారి చపాతీ అన్నది పుట్టింది. వంకరటింకర చపాతీ చేసి, ముక్కలు తుంచి గోడ మీద పెట్టింది. కాకులు తిన్నాయి. కొన్నాళ్ళకి అన్నయ్య ఉత్తరం వచ్చింది, బాగున్నానని. "చూశావా, పోస్టుమాన్ ఇప్పుడు చెబుతున్నాడు" అంది అమ్మ నాతో, నేనేదో పోస్టుమాన్ తరఫు మనిషినైనట్టు.

ఈ సంగతి చర్చి అయ్యగారి దాకా పోయింది. ఓ ఆదివారం మధ్యాహ్నం ప్రార్థనకి వచ్చినప్పుడు ఆయన మెత్తగా మందలించాడు. "అమ్మా, పిట్టల్ని చూసి శకునాలు చెప్పుకోవడం మనకి తగదు."

"జలప్రళయంలో ఓడలోంచి పావురాన్ని వదిలి నీళ్ళు తగ్గాయో లేదో చూసుకోలేదా అయ్యగారూ? అది శకునమా?" అంది అమ్మ.

అయ్యగారు మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నాన్న మాత్రం చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాడు. పెళ్ళాం ఎవరినైనా నోరు మూయిస్తే ఆయనకి అదో గర్వం.

ఈలోగా మా చుట్టూ చేలు మారిపోయాయి. జొన్న వేసేవాళ్ళు, వరిగ వేసేవాళ్ళు అందరూ పత్తికి తిరిగారు. నాన్న కౌలు పొలంలోనూ పత్తే, గట్టు పక్కన నాలుగు మిరప చాళ్ళు. మంచెలు కూలిపోయాయి. ఒడిసెలలు దూలాలకెక్కాయి. అమ్మ గొంతుకి కూలి పోయింది. జొన్నపిట్టలు అలవాటు కొద్దీ వచ్చి, ఊరి మీద ఓ చుట్టు తిరిగి, దిగకుండానే దక్షిణంగా వెళ్ళిపోయాయి. వాటిని అన్నేళ్ళు తిట్టి తరిమిన మనిషే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ "అయ్యో, ఆకలితో పోతున్నాయే" అంది. పిల్లిగద్దలూ తగ్గాయి. అరక వెనక నడిచే తెల్లపిట్టలు ఇంకా వచ్చేవి, కానీ ఒకటీ అరా.

పత్తికి పురుగు, పురుగుకి మందు, ఆ మందుకి లొంగని పురుగుకి ఇంకో మందు. నాన్న డ్రమ్ములో నీళ్ళు పోసి, మందు వంపి, మోచేతి దాకా చెయ్యి ముంచి కలిపేవాడు. కర్రతో కలిపితే అడుగున ఉండిపోతుందని ఆయన వాదన. ఆయనొక్కడే కాదు, ఊరంతా అలాగే కలిపేవాళ్ళు. కర్ర పట్టుకున్నవాణ్ణి చూసి "చెయ్యి మాసిపోద్దా దొరా?" అని నవ్వేవాళ్ళు కూడా. పంపు వీపున తగిలించుకుని, చొక్కా పాడవుతుందని విప్పేసి, ఒట్టి కాళ్ళతో చాళ్ళ వెంట నడిచేవాళ్ళు. చొక్కా పాడవుతుందని!

అమ్మకి మందు వాసన గిట్టదు. మందు కొట్టిన రోజు ఆయన్ని గుమ్మం తొక్కనిచ్చేది కాదు. సాయంత్రానికి దొడ్లో పొయ్యి మీద కాగుతో నీళ్ళు కాచి, సబ్బుబిళ్ళా ఉతికిన లుంగీ పక్కన పెట్టుకుని, "ముందు ఒళ్ళు కడుక్కో, తరవాతే కూడు" అని దారికి అడ్డంగా నిలబడేది. వీపు తనే రుద్దేది, తోలు లేచేట్టు. "చేపననుకున్నావా పొలుసు తీయడానికి?" అని నాన్న గోల పెట్టేవాడు. పిట్ట గోడ మీద కూర్చుని ఈ తంతంతా చూస్తుండేది.

ఆ తరవాతి ఏడు కూడా నూనెబుడ్డిగాడు వేళకే వచ్చాడు. అమ్మ స్తోత్రం చెప్పుకుంది, చపాతీ చేసింది, ముఖంలో కళ వచ్చింది. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు.

ఓ శనివారం బడి ఒంటిపూట వదిలితే నేను నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళాను. ముందురోజు మందు కొట్టిన చేను, ఆకుల మీద ఇంకా తెల్లటి చారలున్నాయి. నాన్న చాళ్ళ మధ్య వంగి ఏదో చూస్తున్నాడు. దగ్గరికి వెళితే నూనెబుడ్డిగాడు. వెల్లకిలా పడి ఉంది, కాళ్ళు ముడుచుకుని. ముక్కున సగం మింగిన పచ్చపురుగు. ఎప్పుడూ ఆగని తోక ఆగిపోయింది.

"మనదేనా నానా?"

"పొద్దున గోడ మీద లేదుగా" అన్నాడు. దాన్ని తుండులోకి తీసుకుని, మిరప చాళ్ళ పక్కన గట్టు కింద గుంట తీసి పూడ్చాడు. "మీ అమ్మకి చెప్పమాక. కొడుక్కేదో అయిందని మంచం పట్టుద్ది" అన్నాడు. నేను తలూపాను. తరవాత ఆయన కాలవలో చేతులు ముంచి, ఆ తుండుకే తుడుచుకుని, గట్టు మీద కూర్చుని అన్నం తిన్నాడు.

ఇంట్లో అమ్మ వెతుకులాట మొదలైంది. గోడ, పశువులపాక కప్పు, పక్కవాళ్ళ వామి, చర్చి గంట స్తంభం, అన్నీ చూసింది. పిట్ట అసలు రాకపోతే ఒక దిగులు. వచ్చి మాయమైతే ఇంకో దిగులు, అది మొదటిదానికన్నా పెద్దది. "దాన్ని పంపేదాకా బాగున్నాడు. తరవాతే ఏదో అయింది" అని తీర్మానించుకుంది. ఉత్తరం వచ్చింది, క్షేమమని. "రాసిన రోజుకి" అంది అమ్మ, ముఖం కూడా తిప్పకుండా. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. పొద్దస్తమానం దొడ్డి వాకిట్లో కూర్చుని గోడకేసి చూసేది. మందు కొట్టిన రోజు నాన్న వచ్చి దొడ్లో నిలబడితే పొయ్యి చల్లగా ఉండేది. ఆయన రెండు చెంబులు చన్నీళ్ళు గుమ్మరించుకుని లోపలికి వచ్చేసేవాడు. వీపు మీద మందు చారలు అలాగే ఉండేవి. నేను రుద్దుతానంటే "ఎదిగిన పిల్లవి, పో" అన్నాడు.

ఆమె అలా అయిపోతుంటే చూడలేక ఆయన ఇంకో నూనెబుడ్డిగాడి కోసం తిరిగాడు. గోడ కనపడితే చాలు ఆగి చూసేవాడు. ప్రత్తిపాడు వెళ్ళినప్పుడు రాళ్ళగుట్టల దగ్గర కూడా వెతికాడట. ఒక్కటి దొరికితే చూపించి "ఇదుగో నీ చుట్టం" అందామని. దొరకలేదు. దాంతో అబద్ధమాడాడు.

"మన చేలోనే ఉందే నీ పిట్ట. పురుగు దండిగా ఉందిగా అక్కడ, ఇంటికెందుకొస్తది?"

"నువ్వు చూశావా? నిజంగా చూశావా?"

"చూశానే. ఇయ్యాల కూడా చూశా."

అమ్మ లేచి జుట్టు ముడేసుకుంది. ఆ మర్నాడు ఆయనతోపాటే చేలోకి బయల్దేరింది. ఆదివారం, బడి లేదు, ఆరాధన కూడా మానేసి వచ్చింది. నేనూ వెనకే వెళ్ళాను, ఈ అబద్ధం ఎలా ముగుస్తుందోనన్న భయంతో.

గాలి ఉన్న రోజది. గాలిలో మందు కొట్టొద్దని మామూలుగా అయితే అమ్మే పోట్లాడేది. పురుగు ఆగేట్టు లేదని నాన్న పంపు ఎత్తుకున్నాడు. అమ్మ గట్టు మీద నిలబడి చేనంతా కళ్ళతో జల్లెడ పట్టింది. "ఏదయ్యా? ఎటువైపు?" అని అరిచేది. "ఇందాక ఆ కొసన ఉందే" అని ఆయన అరిచేవాడు. అమ్మ ఆ కొసకి నడిచేది. మందు తుంపర గాలికి వెనక్కి తిరిగి ఆయన ముఖం మీదే పడుతోంది. ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఉమ్ముతున్నాడు, మళ్ళీ నడుస్తున్నాడు. అమ్మ ఆయన పక్కనుంచే దాటి వెళ్ళింది, పత్తి కొమ్మల వంక చూసుకుంటూ. భర్త వంక చూడలేదు. నేను చూశాను, కానీ ఒంటి మీద ఆ తడి చెమట అనుకున్నాను.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆయన చాలు మధ్యలో కూర్చుండిపోయాడు. వాంతి చేసుకున్నాడు. నోటి వెంట చొంగ, ఒళ్ళంతా వణుకు. "కళ్ళు మసకలేస్తున్నాయే" అన్నాడు. అమ్మ అప్పుడు పరుగెత్తింది.

ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కణ్ణుంచి ఎవరిదో పత్తి లారీలో గుంటూరు. బ్రాడీపేటలో ఒక డాక్టరు కనురెప్పలు విప్పి చూసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. కనుపాపలు ఆవగింజంత అయిపోయాయి. పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ సూది వేస్తూ అడిగింది.

"మందు తాగాడా?"

"తాగలేదమ్మా. కొట్టాడు" అంది అమ్మ.

"ఎంతసేపు?"

"ఇయ్యాల కాదమ్మా. రెండేళ్ళ నుంచీ కొడుతున్నాడు."

మర్నాడు మధ్యాహ్నం నాన్న పోయాడు. చివరిదాకా ఆయన చేతివేళ్ళు సన్నగా అదురుతూనే ఉన్నాయి. అవి ఆగినప్పుడు నాకు తెలిసింది.

అన్నయ్యకి టెలిగ్రాం ఇచ్చాం. దారి మంచుతో మూసుకుపోయి, కొండ దిగి, రైళ్ళు మారి అతను వచ్చేసరికి సమాధి మట్టి ఆరిపోయింది. ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. నిండుగా, ఆరోగ్యంగా, ఎర్రబడ్డ బుగ్గలతో. అమ్మ అతని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, నుదురు, చెవులు, మెడ తడిమి చూసింది. తరవాత ఊరంతా వినేట్టు ఏడ్చింది.

"నీకేదో అయిందని అటే చూస్తా కూర్చున్నానురా! ఇంట్లో మనిషిని చూడలేదురా నాయనా! నీళ్ళు కూడా కాచిపెట్టలేదురా!"

అన్నయ్యకి ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూశాడు. అప్పుడు చెప్పాను, ఇద్దరికీ. శనివారం క్యారేజీ తీసుకెళ్ళడం, చాళ్ళ మధ్య పిట్ట, నాన్న దాన్ని పూడ్చడం, చెప్పమాక అనడం. అమ్మ ఏడుపు ఆపి విన్నది.

"ఎక్కడ పడుందన్నావ్?"

"మన చేలో. మందు కొట్టిన మర్నాడు."

"నోట్లో ఏముంది?"

"పచ్చపురుగు."

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. "అయితే అది కొండ మీంచి కబురు తేలేదు" అంది చివరికి. "మన చేలోంచే తెచ్చింది. ఆయనకే చూపించింది. నేను దిగులు పడతానని ఆయన పూడ్చేసి వచ్చాడు."

అన్నయ్య తల గోడకి ఆనించుకుని ఏడ్చాడు. "నా టెంటు పక్కన గూడని ఊరికే అన్నానమ్మా. నవ్వులకన్నాను" అన్నాడు. అమ్మ అతని వీపు రాసింది. వేన్నీళ్ళు ఉన్నంత మాత్రాన ఆ మనిషి బతికేవాడా అంటే నాకు తెలియదు. అంత మందు ఒంట్లోకి ఇంకాక ఒక కాగు నీళ్ళు ఏం కడుగుతాయి? ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా అమ్మ చెవికెక్కలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే. చొక్కా దాచుకుని ఒళ్ళు తడుపుకున్న ఆయన మీద కోపం. చేత్తో కలిపితే మగతనమనుకున్న ఊరి మీద కోపం. పిట్టల్ని చూసి ఎవరైనా మురిపెంగా కబుర్లు చెబితే వాళ్ళ మీద కూడా అనవసరంగా కోపం వస్తుంది.

అన్నయ్య మళ్ళీ కొండెక్కాడు. కౌలు వదిలేశాం. అమ్మ మిరపకాయల కోతకి వెళ్ళింది, నేను బడికి. ఆ ఈస్టరుకి వచ్చిపోయే పిట్టలన్నీ పోయాయి. ఎండాకాలం ఉత్తరంలో అన్నయ్య భరతపిట్టల గురించి రాయలేదు, వాగు గురించి రాయలేదు. బాగున్నాను, అమ్మని చూసుకో అని మాత్రం రాశాడు. నేను చదివి వినిపిస్తే అమ్మ వెనక తిప్పి చూడలేదు. మడిచి బైబిల్లో పెట్టుకుంది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. పొద్దున్నే నేను దొడ్లో అంట్లు తోముతున్నాను. మొండిగోడ మీద ఏదో కదిలింది. మసి తల, ఇటుకరంగు తోక, అదే గడగడ. పాతది పోయిన చోటుకి కొత్తది వచ్చి స్థలం పట్టుకుంది. నేను లోపలికి పరుగెత్తి చెబుదామా వద్దా అనుకుంటూండగానే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చూసింది. ఆవిడ ముఖం వెలిగింది, నిజంగానే వెలిగింది, ఒక్క క్షణం. పెదవులు కదిలాయి.

తరవాత చంకన ఉన్న బుట్ట కింద పడేసి, చేతులు రెండూ చరుస్తూ గోడ వైపు వెళ్ళింది. మంచె మీద జొన్నపిట్టల్ని లేపిన ఆ పాత గొంతు, ఇన్నాళ్ళ తరవాత మళ్ళీ మోగింది.

"హోయ్! హోయ్! పో! ఇక్కడుండమాక! ఈ ఊళ్ళో పురుగు తినమాక తల్లీ, పో! నీ కొండకి పో!"

పిట్ట ఉలిక్కిపడి లేచింది. గోడ దాటి, పశువులపాక దాటి, తిన్నగా పక్కవాళ్ళ పత్తి చేనులోకి దిగింది. అమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మరుక్షణం "అటు కాదే! అటు కాదే!" అని అరుస్తూ, చెప్పుల్లేకుండా, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా, ఆ చేను గట్టు మీదికి పరుగెత్తింది.